నిప్పురవ్వతో నయం చేసిన ఇల్లాలు

వినాయక చవితినాడు స్వామికి 21 రకాల పత్రి సమర్పిస్తాం కదా, అందులో మొట్టమొదటి పేరు ఏమిటో గుర్తుందా? మాచీపత్రం. వాడుకలో మాచిపత్రి అంటాం. ఆకు వెనక తెల్లటి నూగు, నలిపితే ఘాటైన వాసన. బజారులో పత్రి కట్ట కొనేటప్పుడు అది అందులో ఉందో లేదో కూడా చూసుకోం. ఏవో నాలుగు పచ్చటి రెమ్మలు తెచ్చామా, పూజ అయిందా, నిమజ్జనంలో కలిపామా, అంతే.

ఈ మాచిపత్రికి చైనాలో ఒక తోబుట్టువు ఉంది. అక్కడ దాన్ని ఐ అంటారు. రెండూ ఆర్టెమీసియా జాతి మొక్కలే. ఆ ఆకుని ఎండబెట్టి, దంచి, దూదిలా చేసి, చిటికెడు తీసుకుని ఒంటి మీద ఫలానా చోట అని చూసుకుని వెలిగిస్తారు. ఆ వేడే మందు. దీన్నే ఇప్పుడు లోకమంతా మాక్సిబషన్ అంటోంది. ఆక్యుపంక్చర్ సూదుల గురించి మనలో చాలామంది వినే ఉంటారు గానీ ఈ నిప్పు వైద్యం సంగతి విన్నవాళ్లు తక్కువ. చైనావాళ్లు మాత్రం ఈ రెంటినీ విడదీసి చెప్పరు. వాళ్ల భాషలో కలిపి ఒకటే మాట, జెన్‌జియు. జెన్ అంటే సూది, జియు అంటే ఆకు దూది కాల్చి వేడి పెట్టడం. 2010లో యునెస్కో తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు కూడా రెంటినీ కలిపే చేర్చింది.

ఆ నిప్పు వైద్యంలో చరిత్రకెక్కిన మొదటి ఆడమనిషి పేరు బావ్ గూ. 1,700 ఏళ్ల కిందటి మాట ఇది. ఆవిడ జీవితమే ఇవాళ చెప్పుకుందాం.

అధికారి ఇంటి ఆడపిల్ల

బావ్ గూ సుమారు 309 ప్రాంతంలో పుట్టిందంటారు. చైనాని అప్పుడు జిన్ వంశం రాజులు ఏలుతున్నారు. ఏలుతున్నారన్న మాటే గానీ ఉత్తరాన ఒకటే యుద్ధాలు. జనం మూటాముల్లె సర్దుకుని దక్షిణానికి వలసపోతున్న రోజులు. ఆవిడ తండ్రి బావ్ జింగ్ దక్షిణ తీరంలోని నన్‌హాయ్ మండలానికి పెద్ద అధికారి. మన లెక్కలో కలెక్టరు అనుకోండి. నన్‌హాయ్ అంటే ఇప్పటి గ్వాంగ్‌జౌ నగర ప్రాంతం. ఉక్కపోత, వానలు, దోమలు, విషజ్వరాలు. ఉత్తరాది నుంచి వచ్చినవాళ్లకి ఆ గాలీ నీరూ పడేవి కావు.

బావ్ జింగ్ తావో మతంలో బాగా చదువుకున్నవాడు. మూలికలు, మంత్రాలు, దీర్ఘాయువు సాధనలు, అన్నీ ఆయనకి ఆసక్తే. ఆ ఇంట్లో పెరిగిన పిల్లకి మందు మొక్కలు బొమ్మలంత పరిచయం అయి ఉంటాయి.

ఆయన దగ్గర చదువుకోవడానికి వచ్చినవాడు గె హాంగ్. 283లో పుట్టాడు. పదమూడో ఏట తండ్రి పోతే, కట్టెలు కొట్టి అమ్మి ఆ డబ్బుతో కాగితాలు, కుంచెలు కొనుక్కుని రాత్రిళ్లు చదువుకున్న మనిషి. శిష్యుడి పట్టుదల నచ్చి గురువు తన కూతుర్నిచ్చి పెళ్లి చేశాడు. ఇద్దరికీ పాతికేళ్లకు పైగా తేడా. ఆ పిల్లకి ఇష్టమేనా అన్న సంగతి మాత్రం రాజ్య చరిత్రలు రాసినవాళ్లకి పట్టలేదు. గురువు గారు కూతుర్నిచ్చాడని ఒక్క ముక్క రాసి ముందుకెళ్లిపోయారు.

ఇక్కడ పేరు గురించి ఒక మాట. బావ్ ఆవిడ పుట్టింటి పేరు. గూ అంటే అత్తమ్మనో పిన్నినో పిలిచినట్టు మర్యాదగా పిలిచే పిలుపు. అంటే బావ్ గూ అన్నది పేరే కాదన్నమాట. ఫలానా వారి ఆడపడుచు అన్నట్టు! ఆవిడ అసలు పేరు చియెన్‌గువాంగ్ అని చెబుతారు. దాగి ఉన్న వెలుగు అని దానర్థం. తండ్రి ఏ ముహూర్తాన పెట్టాడో గానీ ఆవిడ జీవితానికి అతికినట్టు సరిపోయింది.

గుట్ట మీది ఎర్రకాడ

గ్వాంగ్‌జౌ ఊరిని ఆనుకుని యుయేషియు అనే గుట్ట ఉంది. దాని దక్షిణపు వాలులో 319లో బావ్ జింగ్ ఒక మఠం కట్టించాడని అక్కడి ఆలయ చరిత్ర. కూతురు అక్కడే ఉండి రోగుల్ని చూసేదట. ఆ గుట్ట మీద ఎర్రటి కాడలున్న ఐ మొక్క విరివిగా పెరిగేది. ఖరీదైన మూలికల కోసం వెతుక్కోకుండా ఆవిడ ఆ పెరటి మొక్కనే పట్టుకుంది.

ఆవిడ చేతి చలవకి పేరొచ్చింది ముఖ్యంగా పులిపిర్లు, కంతులు పోగొట్టడంలో. ఒక కథ ఇప్పటికీ చెప్పుకుంటారు. ఏటి ఒడ్డున ఒక పడుచుపిల్ల నీళ్లలో తన ముఖం చూసుకుని వెక్కివెక్కి ఏడుస్తోంది. ముఖం నిండా నల్లటి పులిపిర్లు. పెళ్లి కావడం లేదు, నలుగురూ ఎగతాళి. బావ్ గూ ఆ దారిన పోతూ చూసి, సంచిలోంచి ఎర్రకాడ ఆకు దూది తీసి, చిన్న ఉండ చేసి వెలిగించి, ఒక్కో పులిపిరికీ వేడి తగిలించింది. కొన్నాళ్లకి అవి ఎండి రాలిపోయి ముఖం నున్నగా అయిందట.

కథే అనుకోండి. కానీ పూర్తిగా కొట్టిపారేయక్కర్లేదు. ఇవాళ చర్మ డాక్టర్లు కూడా పులిపిరిని కరెంటు వేడితో కాల్చే తీసేస్తారు. ఆవిడ చేతిలో ఆ పరికరం లేదు, ఆకు దూది ఉంది. అంతే తేడా. అలాగని ముఖం మీద పుట్టిందల్లా పులిపిరే అనుకుని ఇంట్లో కాల్చుకునేరు! పెరిగే మచ్చ, రక్తం కారే కంతి ఏదైనా ముందు డాక్టరు చూడాల్సిందే.

సూదితో పాటు నిప్పు ఎందుకు?

అసలు ఈ పని ఎలా చేస్తారో చెప్పుకుందాం. ఆకుల్ని ఎండబెట్టి దంచి జల్లించగా జల్లించగా పొడి రాలిపోయి, మెత్తటి నూగు మాత్రం మిగులుతుంది. అదే మాక్సా దూది. మన పాత బియ్యంలా, ఊరిన ఆవకాయలా, ఇది కూడా నిల్వ ఉన్నకొద్దీ మంచిదంటారు. కొత్త ఆకు మంట చురుక్కుమంటుంది, పాతది నెమ్మదిగా సమంగా కాలుతుంది.

దాన్ని బియ్యపు గింజంతో శెనగ గింజంతో ముద్ద చేసి, ఊదువత్తితో అంటిస్తారు. నేరుగా చర్మం మీద పెడితే బొబ్బ లేచి మచ్చ పడుతుంది. అందుకని కింద అల్లం బిళ్లో వెల్లుల్లి ముక్కో పెట్టి దాని మీద వెలిగించే పద్ధతి వచ్చింది. బొడ్డు దగ్గరైతే ఉప్పు పోసి, దాని మీద. ఇప్పుడైతే చుట్టలా చుట్టిన కడ్డీ ఒకటి అంటించి, చర్మానికి అంగుళం దూరంలో పట్టుకుని వెచ్చగా కాపడం పెడతారు. సూది గుచ్చి, ఆ సూది తలకే చిటికెడు దూది చుట్టి వెలిగించేవాళ్లూ ఉన్నారు.

చైనా వైద్యుల లెక్క ప్రకారం ఒంట్లో పారే శక్తి ఎక్కడైనా అడ్డుపడితే సూది ఆ దారి తీస్తుంది. చలవ చేసి, నీరసపడి, ఎన్నాళ్లగానో వేధించే బాధలకి సూది చాలదు, వేడి కావాలి. పురిటి తర్వాత నడుముకి ఇసక మూటతో కాపడం పెట్టిన మన అమ్మమ్మలకి ఈ తర్కం వేరే చెప్పక్కర్లేదు. ఆ శక్తి మార్గాలని సైన్సు ఇంతవరకూ ఒప్పుకోలేదు గానీ, వెచ్చదనానికి కండరం సడలుతుందనీ, రక్తం బాగా ఆడుతుందనీ అందరికీ తెలిసిందే.

భర్త పుస్తకంలో భార్య చెయ్యి

గె హాంగ్ చాలా రాశాడు. అందులో ఒక చిన్న పుస్తకం పల్లెటూరి బీదవాళ్ల కోసం. అర్ధరాత్రి కడుపునొప్పి వస్తేనో, కుక్క కరిస్తేనో, జ్వరం పేలిపోతుంటేనో, వైద్యుడు దొరకని చోట ఏం చెయ్యాలో చెబుతుంది. చైనావాళ్లకి అప్పట్లో జేబుల్లేవు, పొడుగు చేతుల చొక్కాలో మోచేతి దగ్గరే అన్నీ దాచుకునేవారు. అందుకని దీనికి మోచేతి దగ్గర పెట్టుకునే పుస్తకం అన్నట్టు పేరు పెట్టాడు. మందులన్నీ దగ్గరలో దొరికేవి, చవకవి.

ఈ పుస్తకంలో సూదీ నిప్పూ వాడే చికిత్సలు 109 ఉంటే, అందులో 99 నిప్పువే. ఎందుకంటే సూది పట్టాలంటే నరాల చోట్లు తెలియాలి, ఏళ్ల తరబడి నేర్చుకోవాలి. ఆకు దూది వెలిగించడం ఏ ఇల్లాలికైనా చెబితే వస్తుంది. వెల్లుల్లి మీద, ఉప్పు మీద పెట్టి కాల్చే పద్ధతులు మొదట రాతకెక్కింది కూడా ఇందులోనే.

మరి గె హాంగ్‌కి ఇదంతా ఎలా తెలిసింది? ఆయన మనసంతా ఇంగిలీకం కరిగించి అమృతం చేయాలన్న రసవాదం మీద ఉండేది. అందుకోసమే ఇప్పటి వియత్నాం వైపు ఉద్యోగం అడిగాడు, అక్కడ ఇంగిలీకం దొరుకుతుందని. దారిలో గ్వాంగ్‌జౌ అధికారి ఆపేస్తే, దగ్గరలోని లువోఫు కొండ మీద కాపురం పెట్టేశాడు. అక్కడ రోజూ గుమ్మంలోకి వచ్చే రోగుల్ని చూసి, ఆకు దంచి, వేడి పెట్టింది ఆవిడ. ఆ 99 చికిత్సల వెనక బావ్ గూ అనుభవం ఉందని చైనా వైద్య చరిత్రకారులు చాలామంది అంటారు. పుస్తకం మీద మాత్రం ఆవిడ పేరు లేదు. ఆవిడ సొంతంగా రాసిన పుస్తకం కూడా ఏదీ మిగల్లేదు.

కథలు రాసుకునే నాబోటిదానికి ఇక్కడ చెయ్యి ఆగిపోతుంది. వంట ఆవిడది, వడ్డన ఆయనది అయితే భోజనం చేసినవాళ్లు ఎవర్ని తలుచుకుంటారు చెప్పండి!

ముష్టి ముసలమ్మ

పుస్తకాలు వదిలేసినా జనం వదల్లేదు. ఆవిడ 363 ప్రాంతంలో పోయిందంటారు. ఆ తర్వాత నాలుగైదు వందల ఏళ్లకి, తాంగ్ రాజుల కాలంలో, పెయ్ షింగ్ అనే రచయిత ఒక కథ రాశాడు.

గ్వాంగ్‌జౌలో పండగ సంత. అడుక్కునే ముసలమ్మ ఒకతె తడబడి ఎవరిదో సారా జాడీ పగలగొట్టింది. కొట్టువాడు ఆమెను చావగొడుతున్నాడు. త్సుయ్ వెయ్ అనే చితికిపోయిన కుర్రాడు చూడలేక తన పైబట్ట విప్పి ఇచ్చి ఆ బాకీ తీర్చాడు. ముసలమ్మ కనీసం కృతజ్ఞతలైనా చెప్పకుండా వెళ్లిపోయింది. మరోనాడు ఎదురుపడి కాస్త ఆకు దూది చేతిలో పెట్టింది. ఎలాంటి కంతికైనా ఒక్కసారి వెలిగిస్తే చాలని చెప్పింది. అతను దాంతో ఒక ముసలి సన్యాసి చెవి మీద కంతి పోగొట్టాడు. తర్వాత పాడుబావిలో పడి, అక్కడున్న పెద్ద తెల్లపాము పెదవి మీది పులిపిరి పోగొట్టి, దాని సాయంతో బయటపడ్డాడు. చివరికి తెలుస్తుంది, ఆ ముష్టి ముసలమ్మ గె హాంగ్ భార్య బావ్ గూ అని.

చూశారా, జనం ఆవిడని ఏ రూపంలో గుర్తుపెట్టుకున్నారో! పట్టుచీర కట్టుకున్న దేవతలా కాదు, దెబ్బలు తింటున్న బీద ముసలమ్మలా. వైద్యం నేర్చుకోవాలంటే ముందు జాలి ఉండాలన్నదే ఆ కథ సారం. గుట్ట మీది మఠం ఇప్పుడు సన్‌యువాన్ గుడి పేరుతో ఉంది. అందులో బావ్ గూకి విడిగా మందిరం, ఆవిడ పేరుతో ఒక బావి ఇప్పటికీ ఉన్నాయి.

సికింద్రాబాదు దోమ, చైనా ఆకు

మన ఊరికీ ఈ కథకీ ఒక ముడి ఉంది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా క్రిమిని కనిపెట్టాడు. బేగంపేటలో ఆయన పేరుతో ఉన్న భవనం చూసే ఉంటారు. ఆ పరిశోధన కోసం ఒక్కో దోమ కాటుకి ఒక్కో అణా తీసుకుని ఒళ్లప్పగించిన జ్వరపు రోగి హుసేన్ ఖాన్. నోబెల్ రాస్‌కి వచ్చింది.

రోగం ఎలా వస్తుందో హైదరాబాదు చెబితే, మందు గె హాంగ్ మోచేతి పుస్తకంలో దొరికింది. జ్వరానికి చింగ్‌హావ్ అనే మొక్కని నీళ్లలో నానబెట్టి పిండి ఆ రసం తాగమని అందులో ఒక వాక్యం ఉంది. అదీ ఆర్టెమీసియా జాతే, మాచిపత్రి వంశమే. మందు మొక్క అనగానే కషాయం కాచడం అలవాటు. ఇక్కడ కాచమని లేదే అని 1971లో తూ యూయూ అనే శాస్త్రవేత్తకి తట్టింది. వేడి తగిలితే గుణం పోతోందేమోనని తక్కువ వేడిలో ఈథర్‌తో సారం తీసింది. ఎలుకల్లో మలేరియా పోయింది. 1972లో ముందు తానే మింగి చూసుకుంది. అదే ఆర్టెమిసినిన్. లక్షల ప్రాణాలు నిలబెట్టినందుకు 2015లో ఆవిడకి నోబెల్ వచ్చింది. బావ్ గూ వంటింటి పుస్తకం చివరికి ఒక ఆడదాని చేతిలోనే పండింది!

మన గల్లీల్లో

బహదూర్‌పురా నుంచి చార్మినార్ వైపు వెళ్తుంటే వైద్యాలకి కొదవ లేదు. యునానీ దవాఖానాలు, హిజామా బోర్డులు, చార్మినార్ పక్కనే నిజామియా యునానీ ఆసుపత్రి. ఒంటి మీద ఫలానా చోట వేడి తగిలించి నొప్పి తీయడం ఇక్కడివాళ్లకి వింత కాదు. చైనా సూదులు మాత్రం మన దేశానికి ఆలస్యంగా వచ్చాయి. 1938లో చైనాకి వెళ్లిన అయిదుగురు భారత డాక్టర్లలో మన తెలుగు నేతపనివాళ్లు వేలాదిగా స్థిరపడ్డ షోలాపూర్‌లో పుట్టిన కోట్నీస్ ఒకరు. ఆయన 1942లో అక్కడే ప్రాణాలొదిలారు. ఆయన సహచరుడు కలకత్తా డాక్టరు బి.కె. బసు 1950ల చివర్లో మళ్లీ వెళ్లి ఆక్యుపంక్చర్ నేర్చుకొచ్చి ఇక్కడివాళ్లకి నేర్పారు.

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పదు. మన పల్లెల్లో పసిబిడ్డకి పొట్ట ఉబ్బిందనో పసిరికలనో వాతలు పెట్టే అలవాటు ఉంది. అదీ ఇదీ ఒకటి కాదు. పసివాళ్ల లేత చర్మం మీద కాల్చిన వాత పుండై, చీము పట్టి, ప్రాణాలే పోతాయి. అది వైద్యం కాదు, హింస. మాక్సిబషన్ కూడా నేర్చినవాళ్ల చేతుల్లోనే. చక్కెర జబ్బుతో పాదాలు మొద్దుబారినవాళ్లకి కాలినా తెలియదు. ఉబ్బసం ఉన్నవాళ్లకి ఆ పొగ పడదు.

గర్భిణుల విషయంలో ఒక సంగతి తెలుసుకోవాలి. బిడ్డ ఎదురుకాళ్లతో ఉంటే తల్లి కాలి చిటికెన వేలి గోరు పక్కన ఈ వేడి చూపించడం చైనాలో పాత అలవాటు. 1998లో అచ్చయిన ఒక పరిశీలనలో ఇలా చేసిన 130 మందిలో 98 మందికి 35వ వారానికల్లా బిడ్డ తల కిందికి తిరిగింది. చేయనివాళ్లలో 130కి 62 మందికి. తర్వాత యూరప్‌లో చేసిన కొన్నిట్లో ఇంత తేడా కనిపించలేదు. అన్నిటినీ కలిపి 2023లో చూసినవాళ్లు, మామూలు వైద్యంతో పాటు చేస్తే బిడ్డ తిరిగే అవకాశం కొంత పెరగవచ్చన్నారు గానీ, సిజేరియన్లు తగ్గుతాయని చెప్పలేదు. కాబట్టి కానుపు డాక్టరు సరేనంటేనే, ఆవిడ కనుసన్నల్లోనే.

రాసి పెట్టుకున్న ఆవిడ

బావ్ గూ పోయిన వెయ్యేళ్లకి చైనాలోనే తాన్ యున్‌షియెన్ అనే వైద్యురాలు వచ్చింది. 1461లో పుట్టింది. నాయనమ్మ దగ్గర వైద్యం నేర్చుకుని, మగ వైద్యుడికి చెప్పుకోలేని ఆడవాళ్ల బాధలు చూసేది. చాలామందికి ఈ నిప్పు వైద్యమే చేసింది. యాభై ఏళ్ల వయసులో తన దగ్గరికొచ్చిన 31 మంది కథలు, ఎవరికి ఏ బాధ, దేనికి నయమైంది అంతా రాసింది. కొడుకు చేత చెక్క అచ్చులు చెక్కించి 1511లో పుస్తకం వేయించింది. అందుకని ఆవిడ ఎలా ఆలోచించిందో మనకి ఇవాళ తెలుసు. బావ్ గూది ఊహించుకోవాల్సిందే.

ఇద్దరి పనితనంలో ఎవరు ఎక్కువో చెప్పలేం. ఒకరు రాసుకున్నారు, ఒకరి సంగతి వేరేవాళ్లు రాశారు. తేడా అంతా అక్కడే.

మన ఇళ్లల్లోనూ పెద్దవాళ్లున్నారు. బాలింత పథ్యం, చంటిపిల్లల నలుగు, దగ్గుకి వాము, నొప్పికి వావిలాకు కాపడం, ఏది పనిచేసిందో ఏది చెయ్యలేదో వాళ్లకి తెలుసు. ఏది ప్రమాదమో కూడా తెలుసు. ఈ ఆదివారం పని తెమిలాక అత్తగారినో అమ్మనో కూర్చోబెట్టుకుని, ఒక నోటు పుస్తకంలో అవన్నీ రాయండి. ఎవరికి చేశారు, ఎలా చేశారు, ఏమైంది అని వివరంగా. పైన వాళ్ల పేరు రాయడం మర్చిపోకండి. ఫలానావారి భార్య, ఫలానావారి తల్లి అని కాదు. వాళ్ల సొంత పేరు.